అవతలి పక్షం

లా కాలేజీలో చేరకముందే ఆమెకు వకీలమ్మ అని పేరు పెట్టేసింది వదిన. అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వకీలమ్మే. కాబట్టి పరీక్షకి ఎలా చదవాలో చెప్పేవాళ్లు ఇంట్లో లేరు. పోట్లాడేవాళ్లకి మాత్రం కొదవ లేదు.

కాంట్రాక్టు చట్టం పరీక్ష దగ్గర పడేసరికి వంటగదే కోర్టయింది. వదిన ఉల్లిపాయలు తరుగుతూ అవతలి పక్షం తరఫున కూర్చునేది.

"షాపు తెరిచే రోజుకి బోర్డు కావాలన్నాడు వదినా. పెయింటరు మర్నాడు తెచ్చాడు. నాకొద్దు పొమ్మన్నాడు షాపాయన. నేను షాపాయన వకీలుని."

"ఆగు. ముందు నా పెయింటరు మాట కూడా నువ్వే చెప్పు. నేను అనబోయేదంతా అనేశాకే నీ వాదన."

"అదెక్కడి రూలు?"

"మీ అన్నయ్యతో నేను నెగ్గుకొస్తున్న రూలు. ఆయన నోరు తెరిచేలోపు ఆయన సాకు నేనే చెప్పేస్తా. ఇంక ఆయన దగ్గరేం మిగుల్తుంది?"

"నన్ను సాక్షిగా పిలవకండి, నాకు డ్యూటీ ఉంది," అని అవతలి గదిలోంచి అన్నయ్య గొంతు.

పరీక్షలో వకీలమ్మ అలాగే రాసింది. పుస్తకం అప్పజెప్పలేదు. ప్రశ్నలో తగువెక్కడుందో పట్టుకుని, అవతలివాడి బలమంతా ముందు ఒప్పుకుని, ఆ తర్వాత ఒక్కో ముడీ విప్పుకుంటూ వచ్చింది. పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. దిద్దిన మేడం ఒక పేపరుని క్లాసులో చదివి వినిపించి, "జవాబంటే ఇలా ఉండాలి," అంది. అందరూ చిన్న లాయరు వైపు తిరిగారు. తండ్రి పేరున్న లాయరు కాబట్టి ఆ కుర్రాడికి ఆ పేరు. అతనూ నవ్వి ఊరుకున్నాడు.

అక్కడే నంబర్లు విప్పితే ఆ పేపరు వకీలమ్మది. చిన్న లాయరుది రెండో స్థానం, ఒక్క మార్కు తేడా.

మొదటి స్థానం వచ్చినవాళ్లకి ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో కూర్చునే అవకాశం ఇస్తారు. నిజమైన మనుషుల గోడు వినొచ్చు. వకీలమ్మ ఏడాదంతా కళ్లలో పెట్టుకుని చూసుకున్నది ఆ కుర్చీనే. కానీ నోటీసు బోర్డు మీద ఆమె ఫలితం ఒక్కటే ఆపేశారు. హెడ్డుగారు రమ్మన్నారని కబురొచ్చింది.

గదిలో హెడ్డుగారు, పక్కన దిద్దిన మేడం. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఇంత బాగా ఎలా రాశావమ్మా?" అన్నాడాయన, దొంగసొత్తు దొరికినవాడిలా.

"చదివి రాశాను సార్."

"ఇంట్లో లాయర్లెవరైనా ఉన్నారా?"

"లేరు సార్."

"అదే మరి. తప్పుగా అనుకోకు. చిన్న అనుమానం. ఇక్కడే కూర్చుని ఇంకో జవాబు రాసెయ్యి, అయిపోతుంది."

వకీలమ్మకి చెవులు వేడెక్కాయి. రాయలేక కాదు. వంద రాయగలదు. సాక్ష్యాల చట్టం చెప్పేది ఈయనే. ఆరోపించినవాడే రుజువు చెయ్యాలని బల్ల గుద్ది మరీ చెప్పిన నోరు ఇదే.

"రాస్తాను సార్. రెండో స్థానం అబ్బాయిని కూడా పిలవండి, ఇద్దరం రాస్తాం. బాగా రాయడం నేరమైతే అతను ఒక్క మార్కు తక్కువ నేరస్థుడు."

మేడం తల దించుకుంది, నవ్వో సిగ్గో తెలియలేదు.

"అతన్నెందుకు? వాళ్ల నాన్నగారు మాకు తెలుసు."

"మా అన్నయ్య కూడా మీకు తెలుసు సార్. పొద్దున మీరెక్కే బస్సు ఆయనే నడుపుతాడు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. వకీలమ్మ బల్ల మీదున్న తెల్లకాగితం ఆయన ముందుకి జరిపింది.

"నేనేం తప్పు చేశానో, దానికి ఆధారమేంటో దీనిమీద రాసి సంతకం పెట్టండి సార్. ఆ తర్వాత మీరు ఏ ప్రశ్న ఇచ్చినా రాస్తాను."

ఆయన పెన్ను మూత తీశాడు. మళ్లీ మూత పెట్టేశాడు. "సర్లే, వెళ్లు. ఫలితం పెట్టిస్తాను."

"సర్లే అంటే అనుమానం పోయినట్టా సార్?"

జవాబు మేడం చెప్పింది. "ఆ పేపరు దిద్దింది నేను. నాకు అనుమానం లేదు. ఆ మాట ముందే అనాల్సింది."

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద ఆమె ఫలితం వచ్చింది. కేంద్రంలో కుర్చీ కూడా ఆమెకే. ఇంటికొచ్చి సంచీ విసిరికొట్టి జరిగిందంతా చెప్పింది.

వదిన కత్తిపీట పక్కన పెట్టింది. "మన రూలు మర్చిపోయావా? ముందు హెడ్డుగారి తరఫున చెప్పు."

వకీలమ్మ నోరు తెరిచింది. వెతికింది. వంటగది కేసుల్లో పెయింటరుకి వాదన దొరికింది, ఇల్లు అద్దెకున్నవాడికి దొరికింది, ఆఖరికి అన్నయ్య సాకులకీ దొరికింది.

"ఏం లేదు వదినా."

"మరి నెగ్గావుగా, ఆ మొహమేంటి?"

"తప్పయిందని ఒక్క మాట అనలేదు."

వదిన ఒక ఉల్లిపాయ ఇటు దొర్లించింది. వకీలమ్మ దాని పొట్టు తీస్తూ, వచ్చే పరీక్షకి సాక్ష్యాల చట్టం ఒళ్లో తెరిచి పెట్టుకుంది.

"ఈ పేపరు దిద్దేది హెడ్డుగారే," అంది. "అవతలి పక్షం తీసుకో వదినా. గట్టిగా తీసుకో."