పొట్ట కథ తర్వాత రోమ్‌లో జరిగింది

గవర్నర్‌పేటలోని ఆ డీఎస్సీ కోచింగ్ సెంటర్లో పది దాటినా ఒక్క క్లాసూ మొదలవలేదు. లెక్చరర్లు, వంటవాళ్ళు, ఆయాలు అందరూ మేడ మీద హాల్లో నిలబడ్డారు. పరీక్షకి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

హాస్టల్ ట్యాంకులో పురుగులున్నాయని ఆయా దానమ్మ ఒక అమ్మాయి తండ్రికి చెప్పింది. అప్పటికే ఆరుగురికి వాంతులు. డైరెక్టర్ జయకృష్ణ ట్యాంకు కడిగించలేదు. దానమ్మను పనిలోంచి తీసేశాడు. ఆమెను తిరిగి తీసుకునేదాకా పాఠం చెప్పేది లేదని చరిత్ర లెక్చరర్ మల్లీశ్వరి తేల్చేసింది. దానమ్మను తీసుకొచ్చి తన పక్కనే నిలబెట్టుకుంది.

జయకృష్ణ నవ్వుతూ వచ్చాడు. చేతిలో సెంటర్ మెటీరియల్ పుస్తకం.

"మేడమ్ గారూ, మీరు రాసిన రోమ్ పాఠమే చదువుకొచ్చానండీ. చక్రవర్తులు రాకముందు సంగతి. పేదజనం పెద్దల మీద అలిగి, ఊరొదిలేసి కొండెక్కి కూర్చున్నారు. ఒక పెద్దమనిషి వెళ్ళి కథ చెప్పాడు. పొట్ట ఊరికే కూర్చుని తింటోందని కాళ్ళూ చేతులూ పని మానేశాయంట. పొట్టకి తిండి అందక చివరికి అవే నీరసించి పడ్డాయి. ఇక్కడ పొట్ట నేనే. కథ విన్న జనం బుద్ధిగా దిగొచ్చారు. మీరూ దిగండి."

"కథ విని దిగొచ్చేశారా?"

"పాఠం అక్కడితో అయిపోయిందిగా."

"పేజీలు ఎక్కువయ్యాయని మిగతాది కోసేసింది మీరే." మల్లీశ్వరి కోపంగా అంది. "కోసింది వినండి. తమ తరఫున తమవాళ్ళనే ఎన్నుకుంటామన్నారు. వాళ్ళనే ట్రిబ్యూన్లంటారు. వాళ్ళ మీద చెయ్యేసినవాణ్ణి చంపినా నేరం కాదన్నారు. అది ఒప్పుకున్నాకే దిగారు. పోనుపోను ఒక్క ట్రిబ్యూన్ 'వద్దు' అంటే పెద్దల సభే ఆగిపోయేది. పెద్దలకి యుద్ధం మీదికొచ్చింది, పోరాడాల్సింది ఆ జనమే, ఒప్పుకోక ఏం చేస్తారు? మీకు పరీక్ష మీదికొచ్చింది."

"పొట్ట సారు మాట్లాడట్లేదేంటమ్మా," అంది వంట శౌరమ్మ. హాలంతా నవ్వింది.

జయకృష్ణ ముఖం కందిపోయింది. "సరే, పనిలోకి రమ్మనండి. క్షమాపణ రాసిస్తే చాలు."

"ఏం రాయాలి సారూ?" దానమ్మ అడిగింది. "పురుగుల్లేవనా? ఆ నీళ్ళు ఒక గ్లాసు తాగి చూపించండి, రాసిస్తా."

శౌరమ్మ అప్పటికే గ్లాసుతో వచ్చింది. జయకృష్ణ దానివైపు చూడలేదు.

"పొట్టలోకే కదండీ," అంది మల్లీశ్వరి.

జయకృష్ణ మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

మల్లీశ్వరి తను రాసుకొచ్చిన కాగితం అతని ముందు పెట్టింది. దానమ్మ పనిలోకి వస్తుంది. హాస్టల్ నీళ్ళు ఆమె చూస్తుంది. ఆమె వద్దంటే ఆ నీళ్ళు వాడకూడదు. అందులో అంతే ఉంది. కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టి లేచాడు.

"అయిందిగా. ఇవాళ్టికి ఆ నీళ్ళతోనే వంట కానివ్వండి. ట్యాంకు సంగతి ఆదివారం చూద్దాం."

"వద్దు," అంది దానమ్మ.

జయకృష్ణ మల్లీశ్వరి వైపు చూశాడు. ఆమె కళ్ళల్లో కోపం ఏమాత్రం తగ్గలేదు. అతను ఫోన్ తీసి మంచినీళ్ళ ట్యాంకర్‌కి చెప్పాడు.