అంగుళమంత ముఖం

రోజూ షట్టరు ఎత్తగానే బావ చేసే మొదటి పని మరదలిని తిట్టడం. కప్పుల మీద, కీచెయిన్ల మీద ఫొటోలు వేసే ఆ దుకాణంలో వేడి పెట్టే యంత్రం పోయిన వేసవిలో కాలిపోయింది. ఆ రోజు బావ తిట్లకి మరదలు ఒళ్లు మండి ఒక కప్పును రెండు చేతులా పట్టుకుంటే, దానికి చుట్టిన, వేడికి రంగు వదిలే సబ్లిమేషన్ కాగితం మీది బొమ్మ దాని మీదికి దిగిపోయింది. ఇంక కొత్త యంత్రం కొనలేదు. ఆమె అరచేతుల్లో కప్పు పొగలు కక్కుతుంటే వచ్చినవాళ్లు, రంగు ఇంకాస్త ముదరనివ్వమ్మా అనేవాళ్లు. అంతే.

అసలు పని అంతకుముందే ఉంటుంది. జనం ఫోన్లలో పది చేతులు మారిన ఫొటోలు తెస్తారు. బొమ్మ మసకబారకుండా అంగుళానికి మూడొందల చుక్కలు పడతాయో లేదో ఆమె చూస్తుంది. పడకపోతే బొమ్మ సైజు తగ్గిస్తుంది. అప్పుడు అద్దంలోలా తిప్పి ప్రింటు తీస్తుంది. ఈలోగా బావ వెనక నిలబడి, నత్తకి కుర్చీ వేసి కూర్చోబెట్టాననీ, తిండి దగ్గర తప్ప ఎక్కడా తొందర లేదనీ అందుకుంటాడు. కౌంటర్లో అక్క విననట్టు రిబ్బన్లు కత్తిరిస్తుంది. ఇంటికెళ్లాక మాత్రం, నీకు మండితేనే గదే మన పొయ్యి వెలిగేది అంటుంది.

పక్క వీధి స్టూడియో ఆవిడ పనిలోకి రమ్మని కబురు పెట్టింది. అక్కడా యంత్రం లేదు. మరదలికి వెళ్లాలనే ఉంది. కానీ ఎప్పుడో బావ అన్న మాట ముల్లులా దిగబడింది: "నేను తిట్టకపోతే నీ చేతికి వేడెక్కడిది?"

ఆ వారంలోనే ఒక ట్యాక్సీ డ్రైవరు వచ్చాడు. పోయిన భార్య ఫొటో ఒక్కటే ఉంది, అదీ ఏదో పెళ్లిలో గుంపులో నిలబడ్డది. ముఖం వరకు కత్తిరిస్తే వెడల్పున సరిగ్గా మూడొందల చుక్కలు. అంగుళం కీచెయిన్‌కి సరిపోతుందని మరదలు చెప్పింది. డ్రైవరు తలూపాడు. బావ ఊరుకోలేదు. ఆ తల్లి అంత చిన్నగా ఉండాలా అని పెద్ద కప్పు అంటగట్టాడు. అతను వెళ్లాక తనే మౌసు లాక్కుని ముఖాన్ని మూడింతలు చేశాడు.

"లేని చుక్కలు ఎక్కణ్ణుంచి వస్తాయి బావా?"

"కంప్యూటరు పుట్టిస్తుంది. నువ్వు నోరు మూసుకుని చేతులు పెట్టు."

పెట్టింది. చుక్కలు పుట్టాయి గానీ ముఖం పుట్టలేదు.

మర్నాడు డ్రైవరు కప్పును వెలుతురుకి తిప్పి చూశాడు. సున్నం కొట్టిన గోడకి కళ్లు పెట్టినట్టుంది.

"ఈవిడెవరండీ?" అన్నాడు.

"మా మరదలికి పని మీద ధ్యాస లేదు, ఏమనుకోకండి," అన్నాడు బావ, ఆమె ఎదురుగానే. మళ్లీ చేసిస్తామని అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టాడు.

అప్పుడే అక్క వచ్చి బావ చెవిలో స్టూడియో కబురు ఊదింది. బావ గొంతు మారిపోయింది. ఆమె పక్కకి కుర్చీ లాక్కుని, అలిసిపోయావా తల్లీ, నీ ఇష్టమొచ్చినట్టే చెయ్యి అన్నాడు. మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పాడు.

మరదలు పాత ఫొటో తెరిచింది. ముఖాన్ని అంగుళానికి కుదించింది. ముక్కుపుడక ఎడమవైపు. కాగితం మీద కుడివైపుకి తిప్పి ప్రింటు తీసి, కీచెయిన్ రేకుబిళ్లకి అతికించింది. చేతులు చల్లగానే ఉన్నాయి. బల్ల చివర నిన్నటి కప్పు ఉంది. దాని మీద ఎవరిదీ కాని ముఖం. ఇలాంటి ముఖాలు తన చేతులతో ఎన్ని వేసిందో! ప్రతిసారీ తప్పు తనదే అయింది. బిళ్లను అరచేతుల మధ్య నొక్కింది. కాగితం అంచులు గోధుమరంగుకి తిరిగాయి. బల్ల మీది గ్లాసులో నీళ్లు సలసలమన్నాయి.

కాగితం ఒలిచి చేతికిస్తే డ్రైవరు ముక్కుపుడకని బొటనవేలితో తడిమాడు. బిళ్లని కారు తాళానికి తగిలించుకుని వెళ్లాడు.

"చూశావా, నా దగ్గరుంటేనే నీ చేతికి ఈ వేడి," అన్నాడు బావ, బిళ్ల తనే కాల్చినంత సంతోషంగా.

"బిళ్ల చేస్తున్నంతసేపూ నువ్వు నన్నొక్క మాట అనలేదు బావా."

బావ ఫ్యాను మీద చెయ్యి వేశాడు. తిట్టాలో బుజ్జగించాలో తేలక దాన్ని ఇంకాస్త ఆమె వైపు తిప్పాడు.

ఆమె సంచీ తగిలించుకుని మెట్లు దిగి స్టూడియో వీధి వైపు తిరిగింది. అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని వెనకే వచ్చింది. అందిస్తుంటే చెల్లెలి వేళ్లు తగిలి చురుక్కుమంది. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.