పెట్టెలో ఒక్క ఓటు

ఇలా దగ్గరికి రా, బంగారూ. ఆ ఫోను పక్కన పెట్టి మంచం మీదికే రా. రేపు మొదటిసారి ఓటు వేస్తున్నావటగా, మీ అమ్మ చెప్పింది. ఎవరికి వేయాలో నేను చెప్పను. ఆ పనికి ఇంట్లో చాలామందే ఉన్నారు. నాకు జరిగింది చెబుతాను, విను.

అప్పట్లో మా అత్తగారు తుంటి విరిగి మంచాన పడ్డారు. పడుకుని పడుకుని నడుము కింద పుండు పడింది. పొద్దున్నే నీళ్ళు కాచి, ఆవిణ్ణి పక్కకు తిప్పి, పక్కబట్టలు మార్చి, ఉతికి ఆరేసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి పరిగెత్తేదాన్ని. నేను పిండి ఆరేసిన దుప్పటి కింద నుంచే వంగి వీధిలోకి పోతూ మీ తాతయ్య, "ఇంట్లోనే ఉంటావుగా, నీకేం పని?" అనేవారు. పుండు కడిగి కట్టు మార్చడానికి మాత్రం రోజూ సూదమ్మ వచ్చేది.

సూదమ్మ అంటే మా ఆస్పత్రి నర్సు. ఆమె సూది వేస్తే చీమ కుట్టినట్టు కూడా ఉండదని ఆ పేరు. వాళ్ళ తాతముత్తాతలు రేవులో మూటలు మోయడానికి సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్ళు. నిగనిగలాడే నలుపు, దువ్వెనకు లొంగని ఉంగరాల జుట్టు. పుట్టింది ఇక్కడే. మాట్లాడేది మన మాటే, తిట్టేదీ మన తిట్లే. అయినా కొత్తవాళ్ళు ఆమెను చూడగానే "మీదే ఊరు?" అని అడిగేవారు. "మీ వెనక వీధే" అనేది, నవ్వకుండా.

ఆమె చెయ్యి తగిలితే మా అత్తగారికి ప్రాణం లేచి వచ్చేది. నేను కట్టు విప్పబోతే "నీవి చేతులా, చీపురుకట్టలా? ఆ పిల్లను రానీ" అని కసిరేవారు.

ఆ ఏడు వార్డు ఎన్నికలు వచ్చాయి. అంతకుముందు గెలిచిన కంట్రాక్టరు కట్టించిన మురుగుకాలువ వానకు పొంగి ఇళ్ళలోకి వచ్చింది. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. రాత్రీ పగలూ మందులు పోసి వాళ్ళను నిలబెట్టిన సూదమ్మ, ఇక ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసుగెత్తి, తనే కంట్రాక్టరు మీద పోటీకి దిగింది. ఆయన గుర్తు నిచ్చెన, ఈమెది గొడుగు. కుళాయి దగ్గర ఆడవాళ్ళంతా ఆమెను చుట్టుముట్టారు. "మా పిల్లల బొడ్డు కోసిందే నువ్వు. నీకు కాక ఇంకెవరికి వేస్తామే!" అన్నారు. ఆమె మొహం తోమిన ఇత్తడిలా మెరిసింది.

మా ఇంట్లో మాత్రం లెక్క వేరు. "దానిచేత సూది వేయించుకుంటున్నాం, చాలు. వార్డు కాగితాల మీద సంతకం కూడా పెట్టించుకోవాలా? పైగా ఆడది" అన్నారు మీ తాతయ్య.

"కంట్రాక్టరు కాలువ మన వంటింట్లోకి వచ్చిందిగా" అన్నాను వడ్డిస్తూ.

"వస్తే వచ్చింది. మనవాడి కాలువే కదా!"

మా అత్తగారు మంచం మీద నుంచి అందుకున్నారు. "మంచి పిల్లేరా, కాదనను. కానీ మంచితనం వేరు, పెద్దరికం వేరు. వాళ్ళ జాతివాళ్ళు మనమీద పెత్తనం చేస్తారా?"

రేవు దగ్గర సూదమ్మ వాళ్ళవాళ్ళ పేటలో మగవాళ్ళయితే "మనదే, కానీ ఆడదాని వెనక నడుస్తామా" అన్నారట. ఇటు రంగు అడ్డం వచ్చింది, అటు ఆడపుట్టుక అడ్డం వచ్చింది. మధ్యలో ఆమె ఎవరికీ కనపడలేదు.

కూరలో ఉప్పు తగ్గితే నన్ను అడిగే మీ తాతయ్య, నా ఓటు మాత్రం అడగకుండానే నిచ్చెన కింద జమ వేసుకున్నారు.

ఓట్ల రోజు పొద్దున సూదమ్మ పెందలాడే వచ్చింది. అత్తగారు కుర్చీలో కూర్చోగలిగేలా దూది దట్టంగా పెట్టి కట్టు కట్టింది. "నొప్పి పుడితే వెనక్కి వచ్చేయండి పెద్దమ్మా. ఓటుకన్నా నడుము ముఖ్యం" అంది. ఆవిడ కొడుకులిద్దరూ కుర్చీని మోసుకెళ్ళారు. ఆ మెత్తటి కట్టు మీద కూర్చుని వెళ్ళి, మా అత్తగారు బయటికి వస్తూనే "నిచ్చెన మీదే గుద్దానురా నాయనా" అని వీధంతా వినపడేలా చెప్పారు.

తరవాత నేను వెళ్ళాను. వేలికి అంటిన సిరా చూసి మీ తాతయ్య పట్టేస్తారేమోనని భయమేసింది, చూడు నా తెలివి! తెర వెనక గొడుగు మీద ముద్ర వేసి కాగితం మడిచాను. పెళ్ళయ్యాక ఎవరినీ అడక్కుండా చేసిన మొదటి పని అదే.

మర్నాడు బడి ముందర మైకులో ఏ పెట్టెకు ఆ పెట్టె లెక్క చదివారు. మా వీధి పెట్టె వచ్చింది. "గొడుగుకు, ఒకటి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకటేమిటి? కుళాయి దగ్గర చేసిన బాసలన్నీ ఏమయ్యాయి? పోనీ, వాళ్ళ సంగతి వదిలేయ్. సూదమ్మ ఉండేది మా వెనక వీధే, ఆమె ఓటు కూడా మా పెట్టెలోదే. ఆమెది ఒకటి, నాది ఒకటి. రెండయినా ఉండాలి కదా! నా ఓటు ఎవరో కొట్టేశారు!

అంత ఓడిపోయినా తెల్లారేసరికి సూదమ్మ కట్టు మార్చడానికి వచ్చింది. మా అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నీ మీద ఒట్టు తల్లీ, ఆ ఒక్క ఓటూ నాదే."

నా చేతిలో వేడినీళ్ళ గిన్నె జారి కింద పడింది. గిన్నె తీసేలోపే దర్జీ పెళ్ళాం పెరటి గుమ్మంలోంచి వచ్చి, సూదమ్మ దగ్గరికి వంగి, "ఎవరితో అనకు, ఆ ఓటు నాది వదినా" అని గొణిగింది. ఆమె వెనకే పిండిమర ఆవిడ. ఒక్క ఓటుకు ఎంతమంది తల్లులో! సూదమ్మ మొహంలో ఏమీ లేదు. "తెలుసు పెద్దమ్మా." "తెలుసు వదినా." "తెలుసు." అంతే.

పెరట్లో చేతులు కడుక్కుంటుంటే నేను వెంటపడ్డాను. "పద సూదమ్మా, ఆఫీసరు దగ్గరికి. పెట్టెలో మోసం జరిగింది. మళ్ళీ లెక్కపెట్టమందాం. నీది, నాది, రెండుండాలి."

ఆమె చప్పున తల తిప్పి నన్ను చూసింది. పొద్దుట్నుంచి ఆ కళ్ళలోకి ప్రాణం రావడం అప్పుడే. చెంబు కింద పెట్టింది.

"పెట్టె అబద్ధం చెప్పలేదక్కా. అయితే ఆ ఒక్కటీ నీదన్నమాట."

"మరి నీది?"

"నేను నిచ్చెనకు వేశాను."

"నువ్వా! నిచ్చెనకా!" అన్నాను.

"తెర వెనక నిలబడ్డానక్కా. ఆ వార్డు కుర్చీలో ఎప్పుడూ మగాడే, మీ రంగువాడే కూర్చున్నాడు. నన్ను అందులో కూర్చోబెట్టి చూద్దామనుకున్నా. నా కళ్ళకే ఆనలేదు. నాకే నవ్వొచ్చింది. చెయ్యి దానంతటదే నిచ్చెన మీదికి పోయింది." తడి చేతులు తుడుచుకోకుండా అలాగే నిలబడింది. "ఊళ్ళోవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు మొహం లేదక్కా."

ఇంతమందిమి కలిసి ఆమె కళ్ళను కూడా మా కళ్ళలా చేసేశామా అనిపించింది.

ఆ పూట వడ్డిస్తూ మీ తాతయ్యతో చెప్పాను. "ఆ ఓటు నాది."

ఆయన పొలమారేలా నవ్వారు. "నువ్వు కూడానా! వీధిలో ఆడవాళ్ళంతా ఇదే పాట."

అన్ని అబద్ధాల మధ్య నా నిజం కూడా అబద్ధమై కూర్చుంది. అది నా తప్పేం కాదనుకో. కానీ గిన్నెలు తోముతూ ఒకటి అనుకున్నాను. తెల్లారి కుళాయి దగ్గర బిందె కింద పెట్టి, అందరూ వినేలా చెప్పాను. "వచ్చేసారి సూదమ్మ మళ్ళీ నిలబడుతుంది. నా ఓటు ఆమెకే. అయిపోయాక కాదు, ఇప్పుడే చెబుతున్నా." కొందరు తలలు వంచుకుని బిందెలు ఎత్తుకున్నారు. వరస చివర ఖాళీ బిందెతో సూదమ్మ నిలబడి ఉంది. నావైపు చూసి తల ఊపింది.

నీకు చెప్పాను. నువ్వు నీ పిల్లలకు చెప్పు, నీ స్నేహితురాళ్ళకు చెప్పు. నవ్వేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఆ పెట్టెలో ఉన్న ఒక్క ఓటూ మా అమ్మమ్మది అని చెప్పు, బంగారూ. ఇన్నేళ్ళలో నా మాట నమ్మింది సూదమ్మ ఒక్కతే.