తొమ్మిది తెల్ల పీలికలు

పోలీసులు మొక్కల్ని కోయలేదు, పీకారు. వేళ్లతో సహా పీకి, మట్టి దులిపి, ఒక్కొక్కదాన్నీ నల్ల ప్లాస్టిక్ సంచిలో కుక్కారు. ఇంకో పది రోజులు ఆగితే పూత కోతకొచ్చేది.

ఉదయం తొమ్మిదిన్నర. బ్యూనస్ ఎయిర్స్ నుంచి రైల్లో గంటన్నర దూరంలో ఉన్న విల్యా అరోమో అనే కార్మికవాడ. రైలు కట్టకు ఆనుకుని ఉన్న ఆ పెరట్లో, వంటింటి గుమ్మాన్ని పట్టుకుని జుల్మా నిలబడి ఉంది. ఆమె కూతురు అబ్రీల్, పదకొండేళ్ల పిల్ల, చక్రాల కుర్చీలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. గోడల మీదుగా ఇరుగుపొరుగు తలలు. చూసినవాళ్లు చాలామంది. ఆ రోజు నోరెత్తినవాళ్లు లేరు. ముందు ఆ సంగతి ఒప్పుకునే ఈ కథ చెప్పాలి.

"కాగితం ఉంది. పాప మందు కోసం తొమ్మిది గంజాయి మొక్కలకి అనుమతి. లెక్కపెట్టుకోండి, పదోది లేదు," అంది జుల్మా.

ఆఫీసరు కాగితం తిరగేశాడు. "గడువు ఆగస్టులో అయిపోయింది సెన్యోరా. ఇప్పుడు మార్చి."

"జూన్‌లోనే మళ్లీ పెట్టుకున్నాను. పరిశీలనలో ఉందంటున్నారు. ఇదిగో, ఫోన్లో చూడండి."

"పరిశీలనలో ఉందంటే లేదనే అర్థం."

అంతవరకే అయితే ఏ జరిమానాతోనో పోయేది. కానీ అతని చెయ్యి ఒక మొక్క మొదట్లో కట్టిన తెల్లగుడ్డ పీలిక మీద పడింది. దాని మీద సిరాతో ఒక పేరు రాసి ఉంది. పక్క మొక్క చూశాడు. ఆ పక్కది చూశాడు.

"బెంజమీన్. మోరెనా. తాదెయో. మీకు పిల్లలెంతమంది?"

"ఒక్కతే."

"అయితే ఇది మందు కాదు, పంపిణీ," అని అతను ఫొటోలు తీసుకున్నాడు.

జుల్మా బడిపిల్లల తెల్లకోట్లు కుట్టే కార్ఖానాలో పని చేస్తుంది. ఆ దేశంలో సర్కారు బడికి వెళ్లే పిల్లలందరూ తొడుక్కునే కోట్లవి. కత్తిరించగా మిగిలిన ముక్కలు ఇంటికి తెచ్చి, ఏ మొక్క ఎవరి బిడ్డదో మర్చిపోకుండా పేరు రాసి కట్టింది. కాగితం ఆమెది, ఎండ తగిలే పెరడు ఆమెది, నీళ్లు పోయడం తొమ్మిది ఇళ్ల తల్లులది. దొంగసరుకు పెంచేవాడెవడూ మొక్కకు పిల్లాడి పేరు కట్టుకోడు. అలాంటి పొరపాటు తల్లులే చేస్తారు, తమ పని మందు తయారుచెయ్యడమేనని గట్టిగా నమ్మిన తల్లులు.

ఆ పూత నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టిన నూనె సీసాలు కూడా సాక్ష్యం కింద తీసుకెళ్లారు. అబ్రీల్ బడిసంచిలో ఉన్న చిన్న సీసా ఒక్కటి వాళ్ల కంటపడలేదు. అందులో ఉన్నది వారానికి సరిపోదు. ఆ నూనె దొరకని రోజుల్లో ఆ పిల్లకు రోజుకు ఇరవై సార్లు ఫిట్స్ వచ్చేవి. పడి పళ్లు విరగ్గొట్టుకుంది, నేర్చుకున్న మాటలు మర్చిపోయింది. నూనె మొదలుపెట్టిన మూడో నెలలో ఒకరోజు "అమ్మా, నీళ్లు" అంది. ఆ రెండు మాటల కోసం జుల్మా ఏ జైలుకైనా వెళ్తుంది. కానీ తను జైలుకెళ్తే ఆ నీళ్లు ఎవరిస్తారన్నది ఆమె భయం.

ఆదివారం మధ్యాహ్నం పేట క్లబ్బు రేకుల షెడ్డులో మీటింగు. ఇరవై ఆరుగురు వచ్చారు. అందరూ వారమంతా ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లే. మాతే ముంత ఒకటే చేతులు మారుతోంది. ఒకే గొట్టంతో ఒక్కొక్కరు ఆ చేదు కషాయం పీల్చి పక్కవాళ్లకు అందిస్తున్నారు.

యమీలా ఆ పేటలో పుట్టి, బస్సు డ్రైవర్ కూతురై ఉండి లాయరైన పిల్ల. "శుక్రవారం ప్రాసిక్యూటర్ ఒకటే అడుగుతాడు, ఆ పేర్లెవరివని. మొక్కలకి పెట్టుకున్న ముద్దుపేర్లని చెప్పు జుల్మా. కేసు తేలిపోతుంది. వేరే ఎవరూ ఇరుక్కోరు."

"అదే చెప్పు. ఊళ్లో బెంజమీన్‌లు వందమంది," అంది నోర్మా. ఆమె కొడుకు బెంజమీన్‌కూ ఫిట్స్ జబ్బే. "మా ఆయన మున్సిపాలిటీలో కాపలావాడు. గంజాయి కేసులో మా పేరొస్తే మర్నాడే ఇంటికి పంపేస్తారు. ఇంకో మాట. జుల్మా పెరట్లోంచి కొమ్మలు తుంచుకెళ్లి కుండీల్లో పెట్టుకున్నాం చూడండి, అందరూ రాత్రికే మురుక్కాలవలో పారేయండి."

అందరి ఇళ్లలోనూ ఆ కుండీలున్నాయి. చీకటి వంటిళ్ల కిటికీల్లో అవి పూయవు, నూనెనివ్వవు, ఊరికే బతుకుతుంటాయి.

అందరూ మర్యాదగా దోన్యా అని పిలిచే ఎలీదా గొంతు సవరించుకుంది. ముప్పై రెండేళ్లు మాంసం ఫ్యాక్టరీ చలిగదిలో పనిచేసి కీళ్లన్నీ బిగుసుకుపోయిన ముసలామె. "లాయరమ్మా, దొంగతనం వద్దు, చట్టప్రకారమే తెచ్చుకుంటాం. దారి చెప్పు."

"దారుంది దోన్యా. డాక్టర్ రోగి పేరు రాజధానిలో నమోదు చేస్తాడు. నువ్వు సమ్మతి పత్రం మీద సంతకం పెడతావు. నువ్వే పెంచుకోవచ్చు, లేదా నిన్ను చూసుకునే మనిషి పెంచొచ్చు. అనుమతి ఇంటి చిరునామా మీద వస్తుంది."

"మా ఆసుపత్రి డాక్టర్ సంతకం పెట్టనన్నాడు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"నాది నాలుగో అంతస్తు. మధ్యాహ్నం కూడా లైటేసుకుని వండుకుంటా. అక్కడేం పెంచను?" అంది ఇంకొకామె.

"సంఘంగా పెంచుకోవచ్చన్నావు కదే యమీలా?"

"అర్జీ పెట్టాను," అంది యమీలా కళ్లు మూసుకుని. "అదీ పరిశీలనలోనే ఉంది."

షెడ్డంతా నవ్వింది. సంతోషం లేని నవ్వది.

"మందుల షాపులో అద్దాల బీరువాలో విదేశీ సీసా ఉంది," అంది ఎలీదా. "మన జీతాలకి అందదు. అదీ ఇదే మొక్క. దాని కోసం ఎవడి ఇంటి మీదకీ పోలీసులు రారు. కాగితమిచ్చారు, ఎండ మాత్రం ఇవ్వలేదు. ఉన్న ఎండని నలుగురం పంచుకుంటే నేరమట."

"ఉపన్యాసాలకేం దోన్యా! నీకు ఊడే ఉద్యోగముందా?" అని నోర్మా లేచి వెళ్లిపోయింది. ఏ తీర్మానమూ లేకుండానే మీటింగు ముగిసింది. జుల్మా కుర్చీలు సర్దింది. ఆమెకు ఎవరి మీదా కోపం రాలేదు. కోప్పడే ఓపిక కూడా లేదు.

బడిసంచిలో మిగిలిన సీసా ఎక్కువ రోజులు రావాలని జుల్మా ఏడు చుక్కల్ని నాలుగు చేసింది. బుధవారం మధ్యాహ్నం, అన్నం తినిపిస్తుండగా అబ్రీల్ మెడ వెనక్కి విరుచుకుపోయింది, ఫిట్స్. ఒకటి తగ్గేలోపు ఇంకొకటి. ఆరోదానికి జుల్మా లెక్కపెట్టడం మానేసి, పిల్లను నేలమీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద తన చెయ్యి పెట్టి తనూ పక్కనే పడుకుంది.

తలుపు తోసుకుని లోపలికొచ్చింది నోర్మా. చూసింది. కోటు జేబులోంచి చిన్న సీసా తీసి బల్లమీద పెట్టింది.

"మావాడిదాంట్లో సగం."

"వాడికో?"

"ఉన్నన్నాళ్లు ఇద్దరికీ. అయిపోతే ఇద్దరికీ లేదు." నోర్మా నేలమీద కూలబడింది. "కుండీ కాలవ దాకా తీసుకెళ్లానే. వాడి పేరున్న పీలిక కట్టుంది దానికి. నువ్వు రాసిందే. పారెయ్యబోయి వెనక్కి తెచ్చేశా." అంటూ ఏడ్చింది. జుల్మాకు ఏడుపు రాలేదు, నోర్మా చెయ్యి మాత్రం పట్టుకుంది.

శుక్రవారం. అబ్రీల్‌ని వదిలి రావడానికి ఎవరూ లేక కుర్చీతో సహా ప్రాసిక్యూటర్ ఆఫీసుకు తోసుకొచ్చింది జుల్మా. ప్రాసిక్యూటర్ మర్యాదస్తుడు. పిల్లకు మంచినీళ్లు తెప్పించాడు. వాంగ్మూలం ముందే రాయించి ఉంచాడు: అవన్నీ ముద్దుపేర్లు, వేరే పిల్లలెవరూ లేరు, పట్టుకున్న నూనె ధ్వంసం చెయ్యడానికి అభ్యంతరం లేదు, కొత్త అనుమతి వచ్చేవరకు ఒక్క మొక్క కూడా పెంచను.

"కొత్త అనుమతి ఎప్పుడొస్తుంది?" అని అడిగింది యమీలా.

"అది నా శాఖ కాదు. సంతకం పెడితే ఇంటికెళ్లిపోవచ్చు సెన్యోరా."

ఇల్లు. ఎంత తియ్యటి మాట! జుల్మా రాత్రి నిద్రపోయి తొమ్మిది రోజులైంది. పెన్ను తీసుకుంది. 'వేరే పిల్లలెవరూ లేరు' అన్న లైను దగ్గర ఆమె కళ్లు ఆగాయి. బెంజమీన్ లేడు. మోరెనా లేదు. తాదెయో లేడు. ఆ లైను కింద తన పేరు రాయాలి.

అప్పుడే వరండాలో గొడవ వినిపించింది. "లోపలికి రావడానికి లేదు", "తప్పుకోరా నాయనా, నడుం నొప్పి, బరువు మోస్తున్నాం". తలుపు తెరుచుకుంది. ముందు నోర్మా. చంకలో కుండీ, కుండీలో పూయని మొక్క, మొక్కకు తెల్ల పీలిక. ఆమె వెనక ఎలీదా, ఆమె వెనక మెట్లదాకా ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఇద్దరు ముగ్గురు తండ్రులు. ప్రతి చేతిలోనూ ఒక కుండీ. కొందరికి కుండీ లేక పెరుగు డబ్బా.

నోర్మా కుండీని గుమాస్తా బల్లమీద, కంప్యూటర్ పక్కన పెట్టింది.

"బెంజమీన్ నా కొడుకు. ముద్దుపేరు కాదు. పెంపుడు మొక్కా కాదు. మా చిరునామా చెప్తాను, రాసుకోండి."

"ఏంటిదంతా? ఇవన్నీ ఇక్కడికెందుకు తెచ్చారు?" ప్రాసిక్యూటర్ లేచాడు.

"మీరొచ్చి పీక్కునే శ్రమ లేకుండా," అంది ఎలీదా. "ఒక్కో మొక్కకీ ఒక్కో వాంగ్మూలం తీసుకోవాలట కదా? ముప్పై నాలుగున్నాయి. కూర్చుంటాం, తొందరేం లేదు."

"ఇప్పుడు మీరందరూ ముద్దాయిలే, తెలుసా?"

"తెలిసే వచ్చాం," అంది నోర్మా. "మా ఆయనకి కూడా చెప్పే వచ్చా."

ప్రాసిక్యూటర్ తలుపులు మూయమన్నాడు. మూశారు. లోపలివాళ్లు నేలమీద కూర్చున్నారు. ఎవరో ఫ్లాస్కు తెరిచారు, మాతే ముంత తిరగడం మొదలైంది. నినాదాలు ఎవరూ ఇవ్వలేదు. అరిచే ఓపిక ఎవరికీ లేదు, లేచిపోయే ఉద్దేశం కూడా ఎవరికీ లేదు.

జుల్మా పెన్ను మూతపెట్టి, కాగితం మీద పెట్టి, కాగితాన్ని వెనక్కి తోసింది. గోడ గడియారం ఒంటిగంట చూపిస్తోంది. అబ్రీల్ చుక్కల వేళ.

సంచిలోంచి నోర్మా ఇచ్చిన సీసా తీసింది. పోలీసు ఒక అడుగు ముందుకేసి ప్రాసిక్యూటర్ వైపు చూశాడు. ప్రాసిక్యూటర్ ఏమీ అనలేదు. జుల్మా కూతురి గడ్డం పట్టుకుని నాలుక కింద చుక్కలేసింది, ఈసారి లెక్క తగ్గించకుండా. మూత బిగించి, నెరసిన జుట్టు గుమాస్తా వైపు తిరిగింది.

"ఇది కూడా రాయండి. ఈ ఆఫీసులోనే, మీ అందరి ముందే ఇచ్చాను."

గుమాస్తా తన అధికారి ముఖం చూసింది. తర్వాత పిల్ల ముఖం చూసింది. కళ్లద్దాలు సర్దుకుని కీబోర్డు మీద చేతులు పెట్టింది.

"ఎన్ని చుక్కలు?"

"ఏడు."

టైపు చేసింది. ఈలోపు నోర్మా పక్కకు జరిగి, వెనకున్న ఆమె కుండీకి బల్లమీద చోటిచ్చింది.