పెరటి మెట్ల పైపు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికీ ఒకటే తొందర. అత్తగారు రాఘవమ్మ కంటే ముందు పెరట్లోకి దిగిపోవాలి. ఉప్పెన చూసిన భయంతో పునాది మనిషెత్తు లేపి కట్టిన ఇల్లది. వెనక మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి పక్కన ఒక ఇనప పైపు. రాఘవమ్మ దిగాక ఆ పైపు పట్టుకుంటే ఎవరికైనా సరే మోకాళ్ళు సలిపేవి. ఆవిడ నొప్పి ఆవిడకి ఉంటూనే ఉంటుంది, పైపు మాత్రం తర్వాత పట్టుకున్నవాళ్ళకి దాన్ని కాసేపు రుచి చూపిస్తుంది.

సముద్రమొడ్డు ఊరు గిలకలదిండిలో దీన్నెవరూ వింతగా చూడలేదు. కడుపునొప్పని బడి ఎగ్గొట్టే పిల్లల్ని తల్లులు రెక్క పుచ్చుకుని తీసుకొచ్చి పైపు పట్టించేవాళ్ళు. తర్వాత తాము పట్టుకుని చూసి, వీపు మీద ఒకటిచ్చి బడికి తోలేవాళ్ళు. వీధి చివర ఆరెంపీ డాక్టరుకి మాత్రం ఆ పైపంటే గిట్టేది కాదు.

పోయినేడు కిందికొస తుప్పుపడితే కోడలు వీరదుర్గ మొగుడు ప్రకాష్ కోసేసి మళ్ళీ పాతాడు. సముద్రం పక్కన పెట్టుకుని ఇసక కొనడమేంటని ఒడ్డున ఇసకే తెచ్చి సిమెంటులో కలిపాడు. ఉప్పు తిన్న సిమెంటు బిస్కెట్టులా పొడై రాలింది. పైపు ఊగుతోందని అందరూ గోడ పట్టుకు దిగడం మొదలెట్టారు. ఇంక ఎవరి నొప్పి గురించి వాళ్ళు ఏం చెబితే అదే నిజం.

సరిగ్గా అప్పుడే గుడివాడ నుంచి ఆడపడుచు సునీత వచ్చింది. ఎండాకాలంలో కూడా పైట భుజాల చుట్టూ కప్పుకుని తిరిగేది. కూర్చోవడం కూడా మెల్లగా, ఒక పక్కకి ఒరిగి కూర్చునేది. "ఇంకొన్నాళ్ళుంటానమ్మా," అని తల్లి వెనకాల తిరిగేది. తల్లి పలికేది కాదు. చివరికి ఆ పిల్ల మొగుడు కళ్యాణే ఎస్టీడీ బూతు నుంచి ఫోను చేసి, మధ్యాహ్నం బస్సుకి తీసుకుపోతానని దిగాడు. అల్లుడొచ్చాడని రాఘవమ్మ రొయ్యలు వండింది, పీట వేసింది, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది.

ప్రకాష్ బోటు మీద వెళ్ళాడు. మొగుడొచ్చి బాగుచేస్తాడని ఎదురు చూస్తే అత్తగారు నడుం విరగ్గొట్టుకోవడమే మిగులుతుందని వీరదుర్గ కృష్ణా ఏటి ఇసక తెప్పించి, కొంగు బిగించి, తనే పనిలోకి దిగింది. పెరట్లో మావగారు అప్పయ్య వల బాగుచేసుకుంటున్నాడు.

"సునీతా! ఇటొచ్చి పైపు నిటారుగా పట్టుకో. నేను రాళ్ళు కూరుతా," అని వీరదుర్గ కేకేసింది.

సునీత అరచేతికి పైట చుట్టుకుని వచ్చింది.

"గుడ్డెందుకే? జారుద్ది. ఒట్టి చేత్తో పట్టుకో."

"వద్దులే వదినా."

"ఏం, మహారాణివా? తుప్పంటితే కడుక్కోవచ్చు. పైపు నా నెత్తిన పడితే ఏం చేస్తావు?"

సునీత ఇంట్లోకి చూసింది. "పులుసు ఇంకాస్త వెయ్యండి అత్తయ్యగారూ," అంటున్నాడు కళ్యాణ్ లోపల. ఆ పిల్ల మెల్లగా చేతికున్న పైట విప్పేసి, పైపు పట్టుకుంది.

వీరదుర్గ గుంటలో రాళ్ళు దట్టించి, సిమెంటు కూరి, తాపీతో అదిమింది. కదులుతుందేమో చూద్దామని, సునీత చెయ్యి తియ్యగానే తను పట్టుకుంది.

ఎడం డొక్కలో గునపం దిగినట్టయింది. చెవి వెనక ఏదో పగిలింది. కుదుళ్ళతో లాగినట్టు నెత్తంతా మంట. నడుం కింద, చీర కప్పే చోట, వేలెడు వెడల్పున చారలు చారలుగా కాలింది. తాపీ జారి రాయి మీద పడింది.

"బెల్టా?" అంది వీరదుర్గ డొక్క పట్టుకుని.

సునీత తలూపింది. "అమ్మకి చెప్పాను వదినా."

"చెబితే?"

"సర్దుకోమంది."

వీరదుర్గ కళ్ళు తుడుచుకోలేదు. అంత తీరిక లేదు. "ఇంకోసారి పట్టుకో," అంది.

"ఎందుకు?"

"పట్టుకోవే!"

సునీత పట్టుకుని వదిలింది. అంతలో పై మెట్టు మీదికి కళ్యాణ్ వచ్చాడు, చెయ్యి కడుక్కోవడానికి. ఎంగిలి చెయ్యి ఎత్తిపట్టుకుని నవ్వాడు.

"ఏం చెల్లాయ్, నువ్వు మేస్త్రీవైతే మా బావ గాజులు తొడుక్కుంటాడా?"

"చూసి చెప్పండి అన్నయ్యగారూ, గట్టిగా ఉందో లేదో. మీది బలమైన చెయ్యి కదా!"

పైపు సంగతి గుడివాడ అల్లుడికి ఎవరూ చెప్పలేదు. కళ్యాణ్ ఎడం చేత్తో పైపు పట్టుకున్నాడు.

ఆ అరుపుకి వాడలో కుక్కలు మొరిగాయి. ఎంగిలి చెయ్యి డొక్కకి అదుముకుని రెండు మెట్లు జారి కూలబడ్డాడు, తెల్ల చొక్కా నిండా పులుసు. కొత్తగా పాతిన పైపు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత అతను చేసిన పని చూసి అప్పయ్య చేతిలో వల ఆగిపోయింది. కళ్యాణ్ మోచెయ్యెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. అయినా రాబోయే దెబ్బ కోసం కళ్ళు మూసుకుని వణుకుతున్నాడు.

అప్పయ్య లేచాడు. "దీన్ని ఇంతకుముందు పట్టుకుందెవరు?"

"నేనే నాన్నా," అంది సునీత.

అప్పయ్య కూతుర్ని చూశాడు. అల్లుడి మోచేతిని చూశాడు. ఆ మనిషి గొంతు ఎప్పుడూ పెద్దది కాదు, ఇప్పుడూ పెరగలేదు. "బాబూ, బస్సుకి మీరొక్కరే వెళ్తారు. మళ్ళీ రాకండి."

కళ్యాణ్ మెట్లెక్కి ఇంట్లోకి రాలేదు. ఎక్కాలంటే మళ్ళీ ఆ పైపు పక్కనుంచే పోవాలి. ఎంగిలి చేత్తోనే దడి సందులోంచి రోడ్డు మీదికి పోయాడు. చెప్పులు వీధి గుమ్మం ముందే ఉండిపోయాయి.

పై గడపలో పెరుగు గిన్నె పట్టుకుని రాఘవమ్మ నిలబడిపోయి ఉంది. గిన్నె కిందపెట్టి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. కూతురి ముందుకొచ్చి ఆగింది.

"నువ్వు పట్టుకో. తర్వాత నేను."

"వద్దమ్మా. అయిపోయిందిగా."

"నేనింకా పట్టుకోందే ఎలా అయిపోద్దే?"

సునీత ఏడుస్తూ పైపు మీద చెయ్యి వేసి తీసింది. రాఘవమ్మ రెండు చేతులతో పట్టుకుంది. అరవలేదు. కూలబడలేదు. వదలనూ లేదు. "చాలత్తయ్యా, చాలు," అంటూ వీరదుర్గ ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.