దగ్గరికి తెచ్చిన నోరు

“ఆ నోరు ఇంకొంచెం దగ్గరికి తీసుకురా,” అన్నారు మా ఆయన, నా భుజం మీదుగా కంప్యూటర్‌లోకి చూస్తూ. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి, ఆయన ఉపన్యాసానికి బొమ్మలు వరస పెడుతున్నాను. కళలో వికృతం గురించి ఆ ఉపన్యాసం. ఆయన చెప్పడమే గానీ రాసేదీ, టైపు చేసేదీ, తప్పులు దిద్దేదీ ఇరవై ఏళ్లుగా నేనే. మా ఆవిడకి ఓపిక ఎక్కువ అని నలుగురిలో మెచ్చుకుంటారు.

నాలుక చాచిన రాతి రాక్షసుడికీ, కళ్లు ఉబ్బిన మట్టి ముసుగుకీ మధ్య ఆ నోరు మా అమ్మది. పళ్లన్నీ తీయించుకున్న వారంలో నేను సరదాగా తీసిన ఫొటో. ఆయన నా ఫోనులో చూసి అడిగితే పంపాను. ముఖం తెలియదులే, కళకి మీ అమ్మా మా అమ్మా అని తేడా ఏమిటన్నారు. అయితే మీ అమ్మగారిదే పెట్టండి అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. కళ్లు కనబడకుండా కత్తిరించి దగ్గరికి తెచ్చాను.

సభకి అమ్మ వస్తుందనుకోలేదు. అల్లుడి మాటలు వినాలని కట్టుడు పళ్లు పెట్టుకుని మరీ వచ్చి, రెండో వరసలో నా పక్కన కూర్చుంది. వికృతాన్ని చూసి మనిషి ముందు జడుసుకుంటాడనీ, తర్వాత ఆ భయాన్ని నవ్వులో దాచుకుంటాడనీ ఆయన చెబుతున్నారు. నేను రాసిచ్చిన వాక్యమే. తెర మీద గోడంత ఎత్తున ఆ నోరు వచ్చింది. హాలంతా గొల్లున నవ్వింది. అమ్మ కూడా నవ్వబోయి, పైపెదవి మీది తన పుట్టుమచ్చ చూసి ఆగిపోయింది. నా వంక చూడలేదు. నేను కాగితాల్లో తల దూర్చాను.

ఇంటికొస్తూ కారు నడుపుతున్న ఆయన మంచి హుషారు మీదున్నారు. ఉపన్యాసం పుస్తకంగా వేస్తారట, అట్ట మీద ఆ ఫొటోయేనట. వెనక సీట్లో నా పక్కనున్న అమ్మ, అల్లుడుగారికి అది ఎక్కడ దొరికిందో అంది మెల్లగా. ఆయన అద్దం సర్దుకున్నారు. నేనూ ఊరుకుంటే నింద ఆయన మీదికే పోతుంది.

“నేనే ఇచ్చానమ్మా. కత్తిరించిందీ నేనే,” అన్నాను. తర్వాత ఆయనతో, “పుస్తకానికి అది ఇవ్వను. టైపూ చెయ్యను,” అన్నాను.

ఇంత చిన్నదానికి రాద్ధాంతం ఎందుకన్నారాయన.

అమ్మ నా వైపు తిరిగింది.

“ఆ రోజు నోరు తెరవడానికి సిగ్గేసిందే నాకు. ఫోను పట్టుకుని నువ్వు నవ్వుతున్నావు కదా అని నేనూ నవ్వాను,” అంది.