బోనెక్కిన కంపెనీ

స్టోర్సు సూపర్‌వైజరు బోనెక్కాడని, ఇక జైలే తరువాయని ఎదురింటి టైలరు భార్య పాలబూత్ దగ్గర అన్నదట. ఆ మాట వీధి మలుపు తిరిగి ఆయన భార్య చెవిన పడేసరికి జైలు కాస్తా యావజ్జీవం అయింది.

బోనెక్కిన మాట నిజమే. కాకపోతే ఎక్కింది ఆయన కాదు, కంపెనీ.

రంగుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి, దాన్ని నడిపే ఆపరేటరు చనిపోయాడు. కేసు కంపెనీ మీద పెట్టారు. కంపెనీకి కాళ్లు లేవు గనుక దాని బదులు ఎవరో ఒకరు నిలబడాలి. డైరెక్టర్లలో ఒకరికి నడుంనొప్పి, ఇంకొకరికి విమానం టైమైంది. "నీ మొహం చూస్తే ఎవరికీ కోపం రాదయ్యా" అని మేనేజరు సూపర్‌వైజరు భుజం తట్టాడు. చనిపోయినవాడు ఈయనకు స్వయానా అక్క మొగుడన్న సంగతి మరిచిపోయి తట్టాడో, గుర్తుండే తట్టాడో తెలియదు. కాదంటే ఉద్యోగం ఊడుతుందని మాత్రం ఇద్దరికీ తెలుసు.

ప్లీడరు ఏకబిగిన వాదించాడు. చట్టం ముందు కంపెనీ కూడా మనిషితో సమానమేనని, తన మీద తనే సాక్ష్యం చెప్పమని ఏ మనిషినీ బలవంతపెట్టకుండా రాజ్యాంగం అడ్డుందని, కనుక కంపెనీ నోరు విప్పదని అన్నాడు. సూపర్‌వైజరు నోరు మూసుకున్నాడు. ప్లీడరు మంచినీళ్లు తాగి అటువైపు నుంచి నరుక్కొచ్చాడు. కంపెనీ మనిషి కాదు. ఒళ్లు లేనిదాన్ని జైల్లో ఎలా పెడతారు? మనసు లేనిదానికి బాయిలరు వాల్వు పాడైందని ఎలా తెలుస్తుంది?

సూపర్‌వైజరు బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు. వాల్వు పట్టేసిందని బావ తనకు చెప్పాడు. తను మేనేజరుకు చెప్పాడు. మేనేజరు "చూద్దాంలే" అన్నాడు. ఈ ముగ్గురిలో ఎవరూ కంపెనీ కాదట.

మనిషో కాదో ముందు మీలో మీరు తేల్చుకు రండని జడ్జిగారు వాయిదా వేశారు.

వరండాలో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. మేనేజరూ ప్లీడరూ చెరో పక్కన నడుస్తుండగా సూపర్‌వైజరు ఆమె ముందు ఆగిపోయాడు.

"లోపల నిలబడింది నేను కాదక్కా. కంపెనీ. దానికేమీ తెలియదన్నారు, అంతే."

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది.

"మా ఇంట్లో నువ్వు అన్నం తింటుంటే కదరా మీ బావ వాల్వు సంగతి చెప్పింది. విన్నది నువ్వా, కంపెనీయా?"